ముందు గది

"ఆ ఫైలు ఎవరు ముట్టుకోమన్నారు?"

టీమ్ లీడరు గొంతుకి నాలుగు బల్లల వాళ్లు తలెత్తారు. కొత్తగా చేరిన ఆవిడ మాత్రం తాపీగా కళ్లజోడు తుడుచుకుంది.

యాభైకి దగ్గరపడ్డ మనిషి. పదకొండేళ్లు ఇల్లు చూసుకుని మళ్లీ ఉద్యోగంలోకి వచ్చింది. నెల రోజులు పని చూసి, ఉంచాలో వద్దో లీడరే తేల్చాలి. మెడలో కార్డు ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉండేది. అందరికీ ఆవిడ 'ఆంటీ'.

"యాప్ తెరుచుకోవడానికి నాలుగు సెకన్లు పడుతోందమ్మా. నొక్కగానే నడిచే కోడంతా ఆ ఫైల్లోనే ఉంది కదా అని..."

"అది రాసింది కంపెనీ పెట్టినప్పటి మూడో నెంబరు ఉద్యోగి. ఫైల్లో పేరు లేదు, ఆ నెంబరే ఉంది. ఆయన కోడు చదివే నేను పని నేర్చుకున్నాను. ఆయన పెట్టిన వరసని ఇన్నేళ్లలో ఎవరూ కదపలేదు, తెలుసా?"

"ఆయన రాసేనాటికి ఇది రెండు గదుల ఇల్లయి ఉంటుంది. ఇప్పుడు ఇరవై గదులాయె. చుట్టం గుమ్మంలో నిలబడితే ముందు గది సర్ది కూర్చోబెడతాం గానీ, అటక దాకా ఊడ్చి తలుపు తీస్తామా? మ్యాపులూ ఫొటోలూ తర్వాత తెచ్చుకోవచ్చమ్మా."

మేనేజరు తన ఫోనులో నొక్కి చూశాడు. సెకను తిరక్కుండా తెరుచుకుంది.

"భలే ఆంటీ! ఆర్నెల్లుగా వీళ్లు కుస్తీ పడుతున్నారు. మీరు మూడు రోజుల్లో..."

'వీళ్లు' అంటూ అతను చూసింది లీడరు వైపే.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఏడేళ్లుగా తను కళ్లకద్దుకున్న ఫైలు. తనకి తట్టనిది, నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి తట్టడమేమిటి?

మధ్యాహ్నం అందరూ కుర్చీలు లాక్కుని ఆంటీ బల్ల చుట్టూ చేరారు. తన బల్ల దగ్గరికి ఎవరూ అలా వచ్చిన గుర్తు లేదు లీడరుకి.

నెలాఖరున కాగితం మీద రాసింది: 'అడగకుండా ముఖ్యమైన ఫైలు మార్చారు. వద్దు.'

మేనేజరు నసిగాడు. "పని బాగానే చేసిందిగా?"

"ఆవిడుంటే నేనుండను."

ఆంటీ టీ కప్పు కడిగి బోర్లించి, కార్డు ఇచ్చేసి వెళ్లిపోయింది.

ఆ మార్పు తీయించేశాక యాప్ మళ్లీ నాలుగు సెకన్లకొచ్చింది. మేనేజరు రోజూ సణుగుతున్నాడు. ఎవరిది ఒప్పో, రాసిన మనిషి చేతే చెప్పించి మేనేజరు నోరు మూయించాలనుకుంది లీడరు.

తిన్నగా ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్లింది. "మూడో నెంబరాయన ఫోను నెంబరు కావాలి."

"ఆయనేమిటండీ?" గుమాస్తా సొరుగు లాగి వెతికాడు. "పాత ఉద్యోగినని ఎవరికీ చెప్పొద్దన్నారు. పని చూసి తీసుకోవాలిట, పాత పేరు చూసి కాదుట."

అతను బల్ల మీద పెట్టిన కార్డు ఈసారి వెనక్కి తిరగలేదు. మూడో నెంబరు పక్కన, కళ్లజోడు ఇంకా రాని ఆంటీ నవ్వుతోంది.