నాన్న వేసిన జడ

"కేసు వద్దనుకుంటున్నానండీ," అందామె, కుర్చీలో కూర్చోకుండానే.

లాయరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ నెలల తరబడి కూడబలుక్కుని చేసుకొచ్చిన పని ఇది. ఆమె తన పేరున వేరే బ్యాంకు ఖాతా తెరిచింది. ఇంటి పత్రాలకు నకళ్లు తీయించింది. భర్త కొట్టి చెవి వాచిన రోజు ఆస్పత్రిలో రాయించుకున్న కాగితం తెచ్చి ఫైల్లో పెట్టింది. ఇల్లు అతనికే పోయినా ఫర్వాలేదు, కూతురు తనకు దక్కితే చాలని మొదటి రోజే చెప్పింది. పిల్లను ఎవరు చూసుకుంటున్నారన్నదే కోర్టు చూస్తుందని, ఆ బెంగ పెట్టుకోవద్దని లాయరమ్మ ధైర్యం చెప్పింది. కూతురు ఏ క్లాసో తడుముకునే తండ్రి అతను.

"ఏమైంది? బెదిరించాడా?"

"లేదండీ. ఆయన మారారు."

ఈమధ్య పొద్దున్నే లేచి పిల్లకు జడ వేస్తున్నాడట. మొదట్లో చీపురుకట్టలా ఉండేదట, ఇప్పుడు తనకంటే నున్నగా వేస్తున్నాడట. బడికి తనే దింపుతున్నాడు. పిల్లకు ఆయాసం వస్తే డాక్టరు దగ్గరికి తనే ఎత్తుకెళ్తున్నాడు. టీచరు మెచ్చుకుంది, డాక్టరు మెచ్చుకున్నాడు. ఎదురింటి పిన్నిగారైతే, మా ఆయనకూ కాస్త నేర్పించమను అని నవ్వింది. ఆమె మీద మళ్లీ చెయ్యెత్తింది లేదు.

"ఈ కుర్చీలో ఇరవై ఏళ్లుగా కూర్చున్నా, మారిన మగాణ్ణి నేను చూళ్లేదు," అంది లాయరమ్మ, ఫైలు ఆమె చేతికిస్తూ. "నీ సంసారం, నీ ఇష్టం. ఆస్పత్రి కాగితం మాత్రం పారేయకు తల్లీ. తిండి పెట్టమని అడగదు కదా, ఓ మూల పడుంటుంది."

ఆమె తలూపింది. కానీ ఒకటి కడుపులో దాచుకుని కాపురం చేయడం ఆమెకు చేతకాలేదు. సాయంత్రం ఫైలు భర్త ముందు పెట్టి అంతా చెప్పేసింది. అతను కోప్పడలేదు. ఒక్కో కాగితం నిదానంగా చదివాడు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవంది. తగలబెట్టడానికి స్టవ్వు అతనే వెలిగించాడు.

మర్నాడు పొద్దున కూతురు దువ్వెన పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నాన్న దగ్గరికెళ్లమ్మా, నా చేతులు ఖాళీ లేవు."

"నాన్న వెయ్యనన్నాడు."

"ఏం?"

"లాయరంకుల్ ఇంక చాలన్నాడంట."