రెండో ఫిల్మ్

"ఇదేంటండీ, పరీక్ష రాయడానికి వచ్చారా?"

ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నర్సు రాజ్యలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

ఎదురుగా నిలబడ్డ అరవయ్యేళ్ళ మనిషి చేతిలో స్కూలు పిల్లల జామెట్రీ బాక్సు ఉంది.

"ఈ కోణమానినిని కూడా మీ సామానుతో పాటు మరిగించండమ్మా," అన్నాడాయన, అర్ధచంద్రుడిలా ఉన్న ఇత్తడి ముక్క తీసి ఇస్తూ.

ఆయన పేరు సత్యనారాయణమూర్తి. నూజివీడులో డాక్టర్ గంగాధరం నర్సింగ్ హోమ్‌లో ఎక్స్‌రేలు తీసే సలోమోను పెళ్ళికని ఉంగుటూరు వెళితే, పదిహేను రోజుల పాటు అతని బదులు వచ్చాడు. రోజూ జి. కొండూరు నుంచి బస్సులో వస్తాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

అది ఎనభై ఏడు వేసవి. మామిడి కోతల కాలం.

లోపల బల్ల మీద రత్నబాబు ఉన్నాడు. కాయ కోస్తుంటే కొమ్మ విరిగి కింద పడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగింది.

"మళ్ళీ చెట్టెక్కుతాడా అండీ?" అని అతని భార్య ఇన్నమ్మ పొద్దుటి నుంచీ వరండాలో కనపడ్డ ప్రతివాళ్ళనీ అడుగుతోంది.

డాక్టర్ గంగాధరానికి ముప్పై రెండేళ్ళు. చురుకైన చెయ్యి. గంటలో ముగించేస్తానని మత్తు డాక్టరుకి మాటిచ్చాడు. ఆయనకి మైలవరంలో ఇంకో కేసుంది.

విరిగిన ముక్కల్ని కలిపి మేకు వెయ్యాలి. మేకు వెళ్ళాల్సిన దారిలో ముందుగా ఒక సన్నటి తీగ పోనిస్తారు. లోపల ఆ తీగ ఎటు పోయిందో ఎవరికీ కనపడదు. ఎక్స్‌రే ఒక్కటే దిక్కు.

గంగాధరం తీగ పోనిచ్చాడు. మూర్తి ఫిల్మ్ తీసి, డార్క్ రూములో కడిగి, ఇంకా నీళ్ళు కారుతుండగానే తెచ్చి లైటుకి ఎదురుగా పట్టుకున్నాడు.

తీగ ఎముక నడిమధ్యన గీత గీసినట్టుంది.

"బ్రహ్మాండం. మేకు ఇవ్వండి సిస్టర్," అన్నాడు గంగాధరం.

"పక్కనుంచి ఇంకో ఫిల్మ్ తీస్తానండీ," అన్నాడు మూర్తి.

"ఎందుకండీ? కనపడుతోందిగా."

"ముందు నుంచి కనపడుతోందండీ. పక్కనుంచి ఎలా ఉందో మనకి తెలీదు."

మత్తు డాక్టరు గడియారం చూసుకున్నాడు. "గంగాధరం గారూ, టైమవుతోంది."

"మూర్తిగారూ, ఎక్స్‌రే తియ్యడం మీ పని. ఆపరేషన్ నా పని. కాస్త పక్కకి జరగండి."

మూర్తి జరగలేదు.

"రేపట్నుంచి నన్ను రావొద్దనండి. ఈ ఒక్కటీ మాత్రం తియ్యనివ్వండి."

చేతిలో తడి ఫిల్మ్‌తోనే ఆయన దణ్ణం పెట్టాడు. అంతసేపూ విసుక్కున్న గంగాధరం అది చూసి ఆగిపోయాడు.

"సరే కానివ్వండి. పది నిమిషాలు."

పది నిమిషాల తర్వాత రెండో ఫిల్మ్ వచ్చింది.

తీగ వెనకవైపు నుంచి ఎముకని దాటి బయటికి వచ్చేసింది. మేకు వేసి ఉంటే అదే దారిన పోయేది.

గంగాధరం నుదుట పట్టిన చెమటని రాజ్యలక్ష్మి తుడిచింది. అతను నెమ్మదిగా తీగ వెనక్కి లాగేశాడు.

"ఇప్పుడెటు పోనివ్వమంటారు?" అని అడిగాడు.

మూర్తి రెండు తడి ఫిల్ములనీ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి కొలిచాడు. మళ్ళీ ఇంకోసారి కొలిచాడు.

"పైనుంచి కిందకి ఉన్న వాలు మార్చొద్దండీ. కొన మాత్రం పద్నాలుగు డిగ్రీలు ముందుకి రావాలి."

మరిగించిన కోణమానినిని రాజ్యలక్ష్మి తీగ పక్కన పట్టుకుంది. మూర్తి దూరంగా నిలబడి చూస్తూ చెప్పాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగండి. అంతే."

మళ్ళీ రెండు ఫిల్ములు తీశారు. రెండిట్లోనూ తీగ నడిమధ్యే ఉంది. మేకు దిగింది.

"కంప్యూటర్ లాగా లెక్క కట్టారండీ!" అన్నాడు గంగాధరం, చేతి తొడుగులు విప్పుతూ.

"ఎప్పటికైనా ఆ కంప్యూటరే వచ్చి అన్నివైపుల నుంచీ దారి చూపిస్తుందండీ. అప్పటిదాకా పక్కనుంచి కూడా చూద్దామని అడిగే మనిషి ఒకడుండాలి."

ఇంత పని ఎక్కడ నేర్చుకున్నారని అడగాలనుకున్నాడు గంగాధరం. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు. రేపు అడగొచ్చులే అనుకున్నాడు.

సెలవు ఇంకా ఉండగానే మర్నాడు సలోమోను పనిలోకి వచ్చేశాడు. మూర్తి రాలేదు.

ఆ తర్వాత గంగాధరం రెండో ఫిల్మ్ చూడకుండా ఎవరికీ మేకు వెయ్యలేదు.

మరుసటి వేసవికి రత్నబాబు చెట్టెక్కాడు. ఇన్నమ్మ రెండు బుట్టల చిన్న రసాలు తెచ్చింది.

"ఒకటి మీకండీ. రెండోది ఆ ఎక్స్‌రే అయ్యగారికి."

ఆ బుట్ట తీసుకుని గంగాధరం ఆదివారం జి. కొండూరు వెళ్ళాడు. ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాడు. ముప్పయ్యేళ్ళావిడ గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చి తలుపు తీసింది. ఒక కాలు కురచ. పేరు కల్యాణి అని చెప్పింది.

"మూర్తిగారు ఉన్నారా అండీ?"

"మాఘమాసంలో పోయారండీ."

గంగాధరం బుట్ట కింద పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఆవిడే కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"చాలా ఆస్పత్రుల్లో పని చేశారా అండీ?"

"లెక్కే లేదండీ. ఎక్కడైనా ఎక్స్‌రే మనిషి సెలవు పెట్టాడంటే చాలు, బయల్దేరేవారు. ఇరవయ్యేళ్ళు అలాగే తిరిగారు."

"మీ నాన్నగారు నా పేషెంటు కాలు నిలబెట్టారమ్మా. ఆయనకి ఒక్క మంచిమాట కూడా చెప్పలేకపోయాను."

కల్యాణి పళ్ళ బుట్టని గోడవారకి జరిపింది.

"ఆయన నాన్నగారు కాదండీ. నాకెవరూ లేరని తెలిసి తెచ్చి పెంచుకున్నారు," అంది. "చిన్నప్పుడు ఒక్క ఫిల్మ్ చూసి నా తుంటికి మేకు వేసి, ఆ తర్వాత ఇక కత్తి పట్టని డాక్టరుగారండీ ఆయన."