దండగ పోస్టు

"ఆపాం, ఆపాం అంటారేంటి సిస్టర్? పోయినవాళ్ల లెక్క నా దగ్గరుంది. మీరు ఆపినవాళ్లేరీ? ఒక్కణ్ణి చూపించండి చాలు!"

ఆత్మహత్యల నివారణ కేంద్రం పనితీరు తేల్చడానికి వచ్చిన అధికారి అప్పటికి మూడో టీ తాగుతున్నాడు.

"పేర్లు బయటపెట్టనని వాళ్లకి మాటిచ్చాను సార్," అంది నర్సు.

"బాగుంది. దేవుడిలాగా ఉంటారు గానీ కనబడరన్నమాట!" తన జోకుకి తనే నవ్వుకుని, మూలనున్న టైపిస్టు వైపు తిరిగాడు. "కొట్టవయ్యా. ఈ కేంద్రం వల్ల ఒక్క ప్రాణమైనా నిలిచిందనడానికి రుజువు లేదు."

టైపిస్టు తలెత్తకుండా కొట్టాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"రెండోది. నెలకి పది పేజీల పనికి టైపిస్టు దండగ. పోస్టు ఎత్తెయ్యాలి."

నర్సు గభాల్న లేచింది. "అదొక్కటీ వద్దు సార్. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"ఏమ్మా, మీ చుట్టమా?"

"కాదండీ. రోజూ పదింటికల్లా అతనొచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. నేను చూడాలి. అంతే."

టైపిస్టు వేళ్లు ఆగిపోయాయి. నాలుగేళ్ల కిందట బతకాలని లేక ఈ గదికొచ్చిన తనకి, టైపింగ్ స్పీడు చూసి ఉద్యోగమిచ్చారని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాడు. ఒకే రిపోర్టును ఆవిడ మూడేసిసార్లు కొట్టిస్తుంటే చాదస్తమని విసుక్కున్నాడు.

"ఏంటయ్యా, ఆగిపోయావు?"

"మాటిచ్చింది ఆవిడ సార్. నేను కాదు."

మొదటి వాక్యం చెరిపేసి, అక్కడ తన పేరు కొట్టాడు.