రెండు సీట్ల కారు

చెంచురామయ్య లండన్ నుంచి పెట్టెల్లో కారు తెప్పించుకున్నాడనీ, దాన్ని బిగించేదానికి ఒక అల్లుణ్ణి కూడా తెచ్చుకున్నాడనీ పక్కింటి మాలకొండమ్మ బియ్యం మిల్లు దగ్గర అన్నదట. ఆ మాట సాయంత్రానికల్లా అల్లుడు విజయభాస్కర్ చెవిన పడింది.

నవ్వేసి ఊరుకుందామనుకున్నాడు. నవ్వు రాలేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఎంత వెతికినా పెద్దగా దొరకలేదు మరి.

కారు అతనిదే. ఇంగ్లండులో కార్ల షెడ్డులో పని నేర్చుకుని, తిరిగొచ్చేముందు మోజుపడి కొన్నాడు. అక్కడ ఆ రకం కార్లు విడిభాగాలుగా అమ్ముతారు. కొన్నవాడు ఇంట్లో పెట్టుకుని బిగించుకోవాల్సిందే. పైకప్పు లేదు. ఒళ్లంతా గాజుపీచుతో, అదే ఫైబర్‌గ్లాసుతో, పోసిన డొల్ల. నలుగురు పట్టుకుంటే లేస్తుంది.

మద్రాసు రేవులో దించాక గానీ అసలు బరువు తెలియలేదు. సుంకం కట్టే తాహతు అతనికి లేదు. పోనీ ఎవరికైనా అమ్మేద్దామంటే, పరదేశం నుంచి తిరిగొచ్చిన మనిషి సొంతానికి తెచ్చుకున్న కారు గనక కొన్నేళ్లదాకా చేతులు మారకూడదని షరతు. పెట్టెలు గోడౌన్లో, అతను గోడౌన్ బయట.

సరిగ్గా అప్పుడే తోటపల్లి గూడూరు నుంచి సంబంధం వచ్చింది. ఒక్కతే కూతురు. మంచి మాగాణి. సుంకం సంగతి మామగారు చూసుకుంటాడు. అల్లుడు మాత్రం ఇల్లరికం రావాలి.

పెళ్లిచూపుల్లో కామాక్షి తల వంచుకునే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ కార్లో ఎంతమంది పడతారని. ఇద్దరేనన్నాడు. ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వుతోనే అతను ఒప్పేసుకున్నాడు.

పెట్టెలు గొడ్లచావిట్లో దించారు. అతను బిగిస్తూ ఉంటే కామాక్షి మజ్జిగ తెచ్చిచ్చి, అక్కడే వడ్లబస్తా మీద కూర్చునేది. ఇది తొక్కితే ఏమవుతుంది, అది లాగితే ఏమవుతుంది అని అడుగుతూ ఉండేది. మొగుడి పనంటే ఎంత ముచ్చటో అనుకునేవాడు. పెళ్లికి ముందు ఆ పిల్ల తెర కట్టిన గూడుబండిలో తప్ప ఊరు దాటి ఎరగదు. తనతోబాటు ఆమె కూడా ఈ ఇంట్లో చిక్కుకుపోయిందని మనసు కరిగిపోయేది.

కారు తయారయింది గానీ కదిలే దారి లేదు. దాని పొట్ట నేలకు జానెడు. ఊళ్లో బాటేమో బండిచక్రాల గాడులు పడి మోకాటి లోతు. తిరునాళ్లలో స్వామి వాహనం మోసేవాళ్లే కారు కిందికి బొంగులు దూర్చి, తారురోడ్డు దాకా భుజాల మీద మోసుకుపోయేవాళ్లు. స్వామి కన్నా ఈయన తేలికే అని ఎగతాళి చేసేవాళ్లు. సాయంత్రం పూట మొగుడూ పెళ్లామూ నెల్లూరు దాకా పోయి వస్తే, పొద్దుగూకేలోపల మళ్లీ మోసుకొచ్చి చావిట్లో దించేవాళ్లు.

ఒకరోజు అతను ఒక్కడే పోదామని వాళ్లను పిలిచాడు. బొంగులు ఎత్తలేదు.

“అమ్మాయిగారు రాలేదా అయ్యా?” అన్నారు.

రాలేదన్నాడు. బొంగులు గోడకానించి బీడీలు ముట్టించుకున్నారు. ఇది కచ్చితంగా మామ ఆజ్ఞే అనుకుని పళ్లు కొరుక్కున్నాడు.

అలా కొన్నేళ్లు గడిచాక మద్రాసులో స్నేహితుడు కార్ల షెడ్డు పెడుతూ, భాగానికి రమ్మని కబురు పంపాడు. విజయభాస్కర్ మామగారి దగ్గర నసిగాడు. అమ్మాయిని తీసుకుని మద్రాసు పోతానన్నాడు.

“లోపల ఒక మాట అడిగి చెప్తా నాయనా” అని చెంచురామయ్య లేచాడు.

కాసేపటికి బయటికొచ్చి, అల్లుడి మొహం చూడకుండా తువ్వాలు దులుపుకున్నాడు. “ఇప్పుడు గాదులే” అన్నాడు.

మళ్లీ అడిగినా అంతే. లోపలికి పోవడం, తువ్వాలు దులుపుకోవడం. అత్తగారు వెంకటశేషమ్మ గడప దాటి వచ్చే మనిషి కాదు. ఈ మొగుడూ పెళ్లామూ కలిసి తనను గుంజకు కట్టేశారని అతనికి కడుపు మండిపోయింది. ఆఖరుసారి ముసలాయన “నా చేతుల్లో ఏముంది నాయనా” అని నిట్టూర్చాడు. ఎంత నటన అనుకున్నాడు.

స్నేహితుడు ఇంకో వారం మించి ఆగనన్నాడు. ఆ సాయంత్రం కారు ఎప్పటిలాగే తారురోడ్డు ఎక్కింది. నెల్లూరులో ఎప్పుడూ వెనక్కి తిరిగేచోట అతను తిప్పలేదు. మద్రాసు రోడ్డు పట్టాడు. కామాక్షి ఒకసారి అతనివైపు చూసి, మళ్లీ రోడ్డువైపు చూసింది. ఆ ధైర్యానికి అతనికి కళ్లు చెమర్చాయి.

నాయుడుపేట ఇంకా రాకముందే తాటితోపు పక్కన ఆపాడు.

“కామాక్షీ, మనం ఇంక వెనక్కి పోయేది లేదు” అన్నాడు. మద్రాసులో చిన్న ఇల్లు చూసిపెట్టారనీ, షరతు గడువు ఈ నెలతో తీరిపోతుందనీ, కారు అమ్మేసి షెడ్డులో భాగం తీసుకుందామనీ గబగబా చెప్పేశాడు. “మీ అమ్మా నాయనా ఏమైనా అనుకోనీ. నిన్ను ఆ ఇంట్లోంచి బయటపడేయాలని ఎన్నాళ్లుగానో చూస్తున్నా.”

కామాక్షి దిగింది. కొంగు నడుముకు బిగించింది. చుట్టూ తిరిగి అతనివైపు వచ్చి, తలుపు తీసి పట్టుకుంది.

“మా నాయన మిమ్మల్ని ఎప్పుడో పంపించేస్తానన్నాడు, ఈ కారు కోసం మిమ్మల్ని చేసుకుంటానన్నదీ నేనే, పోనీయొద్దన్నదీ నేనే, జరిగి అవతల కూర్చోండి.”