వన్ బై టూ చాయ్

నగరం నడిబొడ్డున కొత్తగా వెలసిన యూనివర్సిటీలో భూలక్ష్మి ఆ ఉదయమే కుట్టుషాపు తెరిచింది. బోణీ కాకముందే ఎదుటి కెఫేకి వెళ్లింది.

ఊళ్లో చాయ్ మిషన్లన్నీ ఒకే జ్ఞాపకం పంచుకుని, ముఖం చూసి అలవాటు గుర్తుపట్టే రోజులవి. ఈ కెఫేలోని మిషనూ అడక్కముందే రెండు కప్పులు ముందుకు తోసింది: ఒక చాయ్, ఇద్దరికి. భర్త నర్సింగం పోయిన సంగతి దానికెవరు చెబుతారు?

ఒక కప్పు నిండుగా ఉంది. రెండోదాంట్లో రెండు గుక్కలే.

"గిదేంది? సమానంగ పొయ్యాలె గద!"

"సార్ ఎప్పుడూ గిట్లనే పొయ్యమంటరమ్మా. నిండుది మీకు" అంది మిషన్.

ఇన్నేళ్లూ కప్పులు తెచ్చింది ఆయనే. తనది అరచేత్తో మూసుకుని తాగేవాడు.

భూలక్ష్మి బల్ల దగ్గర కూర్చుని, తన కప్పులోంచి ఆయన కప్పులోకి ఒంపింది, రెండూ సమానమయ్యేదాకా.

"ఇగ తాగుండ్రి" అంది ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో.