లెక్కల్లో ముప్పై ఎనిమిది

"లెక్కల్ల ఎన్ని?" అడిగాడు ఫారాలు రాసే పర్వతాలు.

"అరవై ఎనిమిది," అన్నాడు ఎల్లస్వామి, ఎటో చూస్తూ.

"మెమో సూపియ్యి తమ్మీ. మెమో సూడకుండ నేను అంకె రాయ."

అరవై నాలుగో సంవత్సరం, జూన్ నెల. నల్గొండ కాలేజీ గేటు పక్కన ఒక చెక్కపెట్టె ముందు పెట్టుకొని కూర్చుంటాడు పర్వతాలు. ఫారం అంతా ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, పల్లెల నుంచి వచ్చిన మెట్రిక్ పిల్లలు ఆయన చేత రాయించుకుంటారు. చూస్తే నలభై దాటినట్టుంటాడు గానీ ముప్పై కూడా నిండలేదు.

మెమో తియ్యక తప్పలేదు. అందులో ముప్పై ఎనిమిదే ఉంది.

"అన్నా, అరవై లేకుంటే సైన్సు సీటు రాదట. ఫారం సూసే లిస్టు ఏస్తరట. మెమో ఎవ్వరు అడగరట."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరు అంటున్నరు."

"అడుగుతరు. సీటు ఇచ్చేనాడు అసలు మెమో తెమ్మంటరు. తేడా వస్తే ఫారం కొట్టేసుడే గాదు, మళ్ల ఏ కాలేజీల చేర్చుకోరు. ఉన్నదే రాయించుకో."

ఆ మాట ఎల్లస్వామి చెవికెక్కలేదు. సీటు రాకుంటే ఆలేరులో రైలుపట్టాల గ్యాంగు పనిలో పెడతానని బాపు జానయ్య అప్పటికే మేస్త్రీతో మాట్లాడి ఉంచాడు. చదువా, కంకర తట్టా అన్నది ఈ కాగితమే తేల్చాలి.

పైగా ఎదుటివాడు మంచి చెబితే మామూలు కోసమే అనిపించే వయసు.

"రెండింతలు ఇస్త. రాస్తవా, రాయవా?"

పర్వతాలు కలం అందుకున్నాడు. ఫారం నింపి, మడిచి, దారం కట్టి ఇచ్చాడు.

"పైసలు వద్దు. ఫారాలు తీసుకునే కిటికీ మూసే యాళ్లయింది, ఉరుకు."

ఎల్లస్వామి విప్పి చూసుకోకుండానే ఉరికాడు.

కిటికీ అవతల గుమాస్తా కాటమయ్య దారం తెంపి, పుస్తకంలోకి ఎక్కిస్తూ పైకి చదివాడు.

"ఎల్లస్వామి, తండ్రి జానయ్య. లెక్కలు ముప్పై ఎనిమిది."

"కాదు సారూ..."

"మరెన్ని?"

జేబులో మెమో ఉంది. ఫారం మీద ముద్ర పడింది. ఒక్కరికి ఒక్కటే ఫారం.

ఎల్లస్వామి కోపంతో ఊగిపోతూ గేటు దగ్గరికి వచ్చాడు. వస్తూనే పెట్టెను తన్నాడు. సిరాబుడ్డి పగిలి పర్వతాలు ధోవతి నిండా చిందింది.

"నమ్మించి గొంతు కోసినవ్ గదరా! నా నోట్ల మన్ను కొట్టినవ్!"

"తమ్మీ, జర ఇను..."

"ఏం ఇనాలె? నీ అసొంటోనికి సదువు ఇలువ ఏమెరుక!"

పర్వతాలు వంగాడు. కింద పడ్డ ఫారాలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

ఎల్లస్వామి కోపం అంతటితో చల్లారలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకల్లా చెప్పాడు.

"గా పెట్టెకాడికి పోకున్రి. మనం చెప్పేదొకటి, గాయన రాసేదొకటి."

తను ఏం రాయమన్నాడో మాత్రం చెప్పలేదు.

లోకులు కాకులు. మూడో రోజుకు పర్వతాలు దగ్గర ఈగ కూడా వాలలేదు. నాలుగో రోజు ఆయనా లేడు, పెట్టే లేదు.

లిస్టులో ఎల్లస్వామి పేరు రాలేదు. ఇరవై రోజులు కంకర మోశాడు. మోసినన్ని తట్టలూ పర్వతాలును తిట్టుకుంటూనే మోశాడు. ఇరవై ఒకటో రోజు కాలేజీ నుంచి కార్డు వచ్చింది, సీటు ఉంది రమ్మని.

"అదృష్టవంతునివి," అన్నాడు కాటమయ్య. "నీ పైన ఉన్నోళ్లల్ల పదకొండు మంది మార్కులు పెంచి రాసిన్రు. అసలు మెమోలు తెప్పిస్తే దొరికిన్రు. గట్ల గట్ల సీటు నీదాక వచ్చింది."

ఆ పదకొండు పేర్లూ గోడకు అంటించి ఉన్నాయి. ఎల్లస్వామి చదివాడు. అందులో నలుగురు, తను చెయ్యి పట్టుకొని మరీ పర్వతాలు దగ్గరికి పోకుండా ఆపినవాళ్లే. అతనికి తల కొట్టేసినట్టయింది.

మెమో తీసి ఇచ్చాడు. కాటమయ్య విప్పనైనా విప్పలేదు.

"నీ ఫారం పర్వతాలు రాసిండు గదా. ఆయన రాసినంక నేను సూసేదేముంటది?"

"ఆయన యాడుంటడు సారూ? కాళ్లు మొక్కాలె."

"దేవరకొండ అవతల ఏదో పల్లె. ఏటా ఫారాలప్పుడు వచ్చేటోడు. ఈసారి ఎవడో గేటు కాడ పరువు తీసిండట. ఇగ రానని చెప్పి పోయిండు."

ఆ ఎవడో తనేనని ఎల్లస్వామి చెప్పలేదు. పదిమందిలో అన్న మాట, ఒంటరిగానైనా వెనక్కి తీసుకునే దారి లేదు.

"పరాయి పిల్లల కోసం ఆయనకెందుకు సారూ గంత పట్టుదల?" అన్నాడు చివరికి.

"ఏడేండ్ల కింద ఆయన గూడ గీ కిటికీలనే ఫారం ఇచ్చిండు. అందరు పెంచి రాస్తున్నరని ఎవరో చెప్తే నమ్మి, లెక్కల్ల ఒక్క అంకె మార్చిండు. దొరికిండు. సదువు అక్కడికే ఆగింది."

"పాపం, గంత తక్కువ వచ్చినయా సారూ?"

కాటమయ్య పుస్తకం మూసి, కళ్లద్దాలు తీశాడు.

"తక్కువ యాడియి బిడ్డా? ఎనభై ఒకటిని తొంబై ఒకటి చేసిండు. ఆ ఎనభై ఒకటి అట్లనే ఉంచితే, ఆ ఏడు మొదటి సీటు ఆయనదే."