వంటగట్టు తగాదా

వంటగట్టు రెండంగుళాలు కిందికి కట్టాడని మస్తాన్ మేస్త్రీ మీద వర్ధనమ్మ పెట్టిన ఫిర్యాదు నాలుగు నెలల తర్వాత ఇవాళ విచారణకొచ్చింది. ఇలాంటి తగాదాల్లో ఇప్పుడు మనుషుల్ని అడగరు. పని జరిగినన్నాళ్లూ విన్న మాటల్ని గోడలే దాచుకుంటాయి. తగాదా తేలినట్టు ఇద్దరూ వేలిముద్రలు వేస్తే ఆ మాటలు చెరిగిపోతాయి.

"మూడు బస్సులు మారి వచ్చానమ్మా. ఆ కొలత అయ్యగారే చెప్పారు," అన్నాడు మేస్త్రీ, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ.

"పోయిన మనిషి మీదికి నెట్టమాకయ్యా," అంది వర్ధనమ్మ నీరసంగా. గట్టు పని అయిన వారానికే ఆమె భర్త పోయాడు.

విచారణ చెయ్యడానికొచ్చిన అమ్మాయి వంటింటి గోడ మీద అరచెయ్యి ఆనించింది. తాపీ చప్పుళ్ల మధ్య నుంచి ఆయన గొంతు వినిపించింది.

"కాస్త దించి కట్టు మేస్త్రీ. ఆమెకి నడుం వంగిపోతోంది. నేను చెప్పానని మాత్రం అనమాక. నేనేమన్నా ముసలిదాన్నయ్యానా అని నా మీద ఎగురుద్ది."

వర్ధనమ్మ గట్టు మీద చేతులు పెట్టి చూసింది. మోచేతులకు సరిగ్గా అందింది.

"తేలిపోయిందిగా, వేలిముద్ర వెయ్యండి మామ్మా," అంది అమ్మాయి.

వర్ధనమ్మ వేళ్లు ముడిచేసుకుంది. "నాకు సరిగా వినపళ్ళేదమ్మా. ఇంకో వాయిదా వెయ్యి."

అమ్మాయి మేస్త్రీ వైపు చూసింది. అతను కాసేపు గోడనే చూసి, తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు.

"నాకూ వినపళ్ళేదు. వాయిదా వెయ్యండి, వస్తాను."